తెల్ల రక్తకణాల నుంచి వెలువడే వృద్ధి కారకాలు పుండును ఎలా మాన్పుతాయి?

ప్రశ్న: పర్లాకిమిడి నుంచి ఒక ఉపాధ్యాయుడు

పెద్దలందరికీ నమస్కారం. నేను గజపతి జిల్లాలోని ఒక ఉన్నత పాఠశాలలో విజ్ఞానశాస్త్రం బోధిస్తున్నాను. మా బడిలో పాఠం ఒడియాలో సాగుతుంది కానీ చాలామంది పిల్లల ఇళ్లలో మాట్లాడేది తెలుగే. సందేహం లోతైనదయ్యేకొద్దీ వారు అడిగే భాష కూడా తెలుగులోకి మారిపోతుంది. అందువల్ల ఈ విషయాన్ని తెలుగులోనే, తెలిసినవారి దగ్గర వివరంగా తెలుసుకోవాలని ఇక్కడ అడుగుతున్నాను.

మా అమ్మగారికి చాలా ఏళ్లుగా షుగర్ ఉంది. అరికాలి మీద ఏర్పడిన పుండుకు బరంపురంలో వైద్యం చేయిస్తున్నాము. చీము తగ్గింది, వాపు కూడా తగ్గింది, కానీ కొత్త కండ పట్టడం లేదు. వైద్యుడు పుండును పరీక్షించి, "సూక్ష్మజీవులతో పోరాటం దాదాపు అయిపోయిందండి, ఇక తెల్ల రక్తకణాలు వదలవలసిన గ్రోత్ ఫ్యాక్టర్లు తమ పని మొదలుపెట్టాలి, షుగర్ ఉన్నవారిలో అక్కడే ఆలస్యం జరుగుతుంది" అన్నారు. గ్రోత్ ఫ్యాక్టర్లంటే ఇతర కణాలను పెరిగేలా, విభజన చెందేలా ప్రేరేపించే వృద్ధి కారకాలు. ఆ మాట నన్ను ఆలోచనలో పడేసింది. తెల్ల రక్తకణాలు శరీరానికి రక్షకభటులని, క్రిములను చంపడమే వాటి పని అని నేను చదువుకున్నాను, పిల్లలకూ అదే చెబుతున్నాను. చంపే కణాలే కండను పెంచే పదార్థాలను కూడా తయారుచేస్తాయా? అలాగైతే ఏ కణం ఏ పదార్థాన్ని వదులుతుంది? ఈ సంగతి శాస్త్రజ్ఞులకు ఎలా తెలిసింది? షుగర్ వ్యాధిలో ఈ ఏర్పాటు ఎక్కడ దెబ్బతింటుంది?

మరొక మాట. బంధువుల్లో ఒకరు తెల్లకణాలను పెంచే ఇంజెక్షన్ వేయిస్తే పుండు త్వరగా మానుతుందని, మరొకరు రోగి సొంత రక్తం నుంచి తీసిన పదార్థాన్ని పుండు మీద వేస్తారని చెబుతున్నారు. వీటిలో ఎంత నిజముందో తెలిస్తే వైద్యుడిని సరైన ప్రశ్న అడగగలుగుతాను.

సమాధానం: జయపురం నుంచి, జంతుశాస్త్రంలో విశ్రాంత అధ్యాపకుడు

మాస్టారూ, మీ ప్రశ్నలో శాస్త్రానికి సంబంధించిన భాగానికి నేను సమాధానం చెబుతాను. వైద్యం సంగతి రోజూ పుండ్లను చూసేవారు చెబితేనే బాగుంటుంది.

మీరు పిల్లలకు చెబుతున్నది నిజమే, అయితే అది సగం నిజం. 1882లో ఇటలీలోని మెస్సీనా పట్టణంలో ఎలీ మెచ్నికాఫ్ నక్షత్రచేప డింభకంలోకి ముల్లు గుచ్చి, దాని చుట్టూ కదిలే కణాలు మూగడం చూశాడు. శరీరంలోకి చొరబడినదాన్ని తినివేసే కణాలు ఉన్నాయన్న భావన అక్కడి నుంచి బలపడింది, 1908లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆ తరువాత తెల్లకణాలనగానే అందరికీ తినడం, చంపడం మాత్రమే గుర్తుకు రావడం మొదలైంది. పాఠ్యపుస్తకాలు ఇప్పటికీ అక్కడే ఆగిపోయాయి.

రెండో సగాన్ని మొదట గట్టిగా చెప్పినవాడు అలెక్సిస్ కారెల్. న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థలో గాజుపాత్రలలో కణజాలాన్ని పెంచుతూ, తెల్లకణాలు విడుదల చేసే పదార్థాలు ఫైబ్రోబ్లాస్ట్ కణాల పెరుగుదలను ప్రోత్సహిస్తాయని 1922లో ఆయన ప్రకటించాడు. ఫైబ్రోబ్లాస్ట్ అంటే కొల్లాజెన్ అనే పోగుల ప్రోటీన్‌ను నేసి కొత్త కండకు ఆధారాన్ని కట్టే కణం. ఆనాటికి ప్రోటీన్లను శుద్ధిచేసి వేరుచేసే పద్ధతులు అంతగా ఎదగనందువల్ల ఆ పదార్థం ఏమిటో తేలలేదు, విషయం దాదాపు యాభై ఏళ్లు పక్కన పడి ఉంది.

దాన్ని మళ్లీ పైకి తెచ్చిన ప్రయోగాలు అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో రస్సెల్ రాస్ బృందం చేసినవి. పిల్లలకు చెప్పదగిన ప్రయోగాలు ఇవే అని నా అభిప్రాయం, ఎందుకంటే వీటిలో ఆలోచన చాలా స్పష్టంగా కనిపిస్తుంది. గాయంలోకి మొదట వచ్చేవి న్యూట్రోఫిల్‌లు అనే తెల్లకణాలు. తరువాత వచ్చేవి మోనోసైట్లు అనే మరో రకపు తెల్లకణాలు, ఇవి రక్తనాళం దాటి కణజాలంలోకి ప్రవేశించాక మాక్రోఫేజ్‌లుగా మారతాయి. గాయం మానడానికి ఈ రెంటిలో ఏది అవసరమో తేల్చాలంటే, ఒక్కొక్కదాన్నీ విడివిడిగా తొలగించి చూడాలి. 1972లో సింప్సన్, రాస్ గినీపందులలో న్యూట్రోఫిల్‌లను తొలగించి చూశారు, క్రిములు సోకని గాయాలు మామూలుగానే మానాయి. 1975లో లీబోవిచ్, రాస్ హైడ్రోకార్టిజోన్‌తో రక్తంలోని మోనోసైట్లను తగ్గించి, మాక్రోఫేజ్‌లను నాశనం చేసే సీరాన్ని కూడా ఇచ్చి చూశారు. ఈసారి చెత్త తొలగింపు మందగించింది, ఫైబ్రోబ్లాస్ట్‌లు ఆలస్యంగా, తక్కువ సంఖ్యలో వచ్చాయి, గాయం మానడం వెనకబడింది. మరుసటి ఏడాది వారే, మాక్రోఫేజ్‌లు పెరిగిన ద్రవాన్ని మాత్రమే తీసి ఫైబ్రోబ్లాస్ట్‌లకు అందిస్తే అవి విభజన చెందుతాయని చూపించారు. అంటే కణం స్వయంగా అక్కడ లేకపోయినా అది వదిలిన పదార్థమే పని చేయిస్తున్నదని రుజువైంది.

ఆ ద్రవంలో ఏమున్నదన్న దానికి జవాబు తరువాతి పదిహేనేళ్లలో ఒక్కొక్కటిగా వచ్చింది. 1985లో ఆ ద్రవపు శక్తిలో గణనీయమైన పాలు పీడీజీఎఫ్ అనే వృద్ధి కారకానిదని తేలింది. ఇది 1974లో, రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్లలో కనుగొన్న కారకమే, దాన్నే మాక్రోఫేజ్ కూడా తయారుచేస్తుంది. 1991లో మనిషి మాక్రోఫేజ్‌లను పోలిన ఒక కణశ్రేణి పెరిగిన ద్రవం నుంచి హెచ్‌బీ-ఈజీఎఫ్‌ను వేరుచేశారు. ఇది చర్మపు పైపొర కణాలను విభజన వైపు నెడుతుంది. వీటితోపాటు మాక్రోఫేజ్ ఫైబ్రోబ్లాస్ట్‌ల చేత కొల్లాజెన్‌ను కట్టించే టీజీఎఫ్-బీటాను, కొత్త రక్తనాళాలను మొలిపించే వీఈజీఎఫ్‌ను, ఎఫ్‌జీఎఫ్, ఐజీఎఫ్-1 అనే ఇతర వృద్ధి కారకాలను కూడా విడుదల చేస్తుంది. ఇయోసినోఫిల్‌లు అనే మరో రకపు తెల్లకణాలు టీజీఎఫ్-ఆల్ఫాను, టీజీఎఫ్-బీటాను వదులుతాయి. క్రిములను గుర్తించే తెల్లకణాలైన టీ లింఫోసైట్లు (టీ కణాలు) సైతం హెచ్‌బీ-ఈజీఎఫ్‌ను, ఒక రకపు ఎఫ్‌జీఎఫ్‌ను తయారుచేస్తాయని 1994లో వెల్లడైంది. న్యూట్రోఫిల్ ప్రధానంగా సూక్ష్మజీవుల మీద పనిచేసేదే అయినా, అది కూడా వీఈజీఎఫ్‌ను మోసుకువస్తుంది.

ఇక్కడ పిల్లలు తప్పక అడిగే ప్రశ్న ఒకటుంది: ఈ పదార్థాలు ఒంట్లోకి వచ్చాక శరీరమంతా ఎందుకు పెరిగిపోదు? వృద్ధి కారకం ఒక ప్రోటీన్. కణం పైపొర మీద దానికి సరిపడిన గ్రాహకం, అంటే దాన్ని పట్టుకునే ప్రోటీన్, ఉంటేనే అది పనిచేస్తుంది, లేకపోతే పక్కనే ఉన్నా ప్రభావం చూపదు. పైగా ఇవి మిల్లీలీటరుకు నానోగ్రాముల లెక్కన, విడుదలైన చోటికి చాలా దగ్గరలోనే పనిచేస్తాయి. టీజీఎఫ్-బీటా మరింత జాగ్రత్తగా బయటకు వస్తుంది. అది విడుదలయ్యేటప్పుడు మరొక ప్రోటీన్ తొడుగులో బందీగా ఉంటుంది, ప్లాస్మిన్ వంటి ఎంజైము గానీ కణాల మీది ఇంటెగ్రిన్‌లు అనే అతుకు ప్రోటీన్లు గానీ ఆ తొడుగును విప్పిన చోటనే అది మేల్కొంటుంది. పెరుగుదలను ప్రేరేపించే శక్తిని శరీరం ఇన్ని కట్టుబాట్ల మధ్య ఉంచిందన్నది నాకు ఈ విషయం మొత్తంలో అన్నిటికన్నా అద్భుతంగా తోస్తుంది.

సమాధానం: బరంపురం నుంచి, గాయాల విభాగంలో నర్సు

మాస్టారు గారూ, మీ అమ్మగారి పుండు త్వరగా మానాలని కోరుకుంటున్నాను. నేను రోజూ షుగర్ రోగుల కాళ్లకు కట్లు కట్టే పని చేస్తున్నాను కాబట్టి, పైన లెక్చరర్ గారు చెప్పినది మాకు కంటికి ఎలా కనిపిస్తుందో ముందుగా చెబుతాను.

ఆరోగ్యవంతుడికి గాయమైతే మొదటి ఒకటి రెండు రోజులు న్యూట్రోఫిల్‌లదే రాజ్యం. మూడో రోజు నుంచి మాక్రోఫేజ్‌లు ఎక్కువవుతాయి. ఆ సమయానికి చాలా న్యూట్రోఫిల్‌లు తమ పని ముగించి చచ్చిపోయి ఉంటాయి, మాక్రోఫేజ్‌లు వాటిని మింగి శుభ్రం చేస్తాయి. అసలు మలుపు ఇక్కడే ఉంది. చచ్చిన తోటి కణాన్ని మింగిన మాక్రోఫేజ్ తన స్వభావాన్ని మార్చుకుని, మంట (వాపు, ఎరుపు, వేడి) పుట్టించే పదార్థాలను తగ్గించి, టీజీఎఫ్-బీటా వంటివాటిని విడుదల చేయడం మొదలుపెడుతుందని 1998లో పరిశోధకులు చూపారు. పుస్తకాలలో మంట పుట్టించే స్థితిని ఎం1 అని, మరమ్మతు చేసే స్థితిని ఎం2 అని రాస్తారు. నిజమైన గాయంలో మాత్రం కణాలు ఈ రెండు కొసల మధ్య ఎన్నో స్థితుల్లో ఉంటాయి. దీన్నిబట్టి శుభ్రం చేసే పనీ, కట్టే పనీ వేర్వేరు కావని అర్థమవుతుంది. మొదటిది సక్రమంగా ముగియడమే రెండోదానికి ఆజ్ఞ.

కట్టు విప్పినప్పుడు పుండు అడుగున ఎర్రగా, తడిగా, చిన్న చిన్న గింజల్లా కండ కనిపిస్తే మాకు ప్రాణం లేచివస్తుంది. ఆ ఎరుపు కొత్తగా మొలిచిన సన్నని రక్తనాళాలది, వాటిని మొలిపించినది ప్రధానంగా వీఈజీఎఫ్. పుండు మధ్యభాగంలో ఆక్సిజన్ తక్కువగా ఉంటుంది. ఆ కొరతే మాక్రోఫేజ్‌లకు సంకేతమై, రక్తనాళాలను పెంచే పదార్థాన్ని వాటి చేత విడుదల చేయిస్తుందని 1983లోనే తేలింది. కణాలు ఆక్సిజన్ కొరతను ఎలా పసిగడతాయో కనుగొన్న ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2019లో నోబెల్ వచ్చింది.

షుగర్ ఉన్నవారిలో ఈ వరుస మధ్యలో ఆగిపోతుంది. చక్కెర ఎక్కువగా ఉన్న వాతావరణంలో న్యూట్రోఫిల్‌ల వేటాడే శక్తి తగ్గుతుంది, సూక్ష్మజీవులు మిగిలిపోతాయి. మాక్రోఫేజ్‌లు చచ్చిన కణాలను సరిగా ఎత్తివేయలేక, మంట పుట్టించే స్థితిలోనే చిక్కుకుపోతాయి. ఆ మంట వల్ల పుండులో ప్రోటీన్లను కోసే ఎంజైములు పేరుకుపోతాయి, అవి కొత్తగా తయారైన వృద్ధి కారకాలనూ వాటి గ్రాహకాలనూ ముక్కలు చేస్తాయి. అందువల్ల కారకాలు కొంతవరకు తయారైనా పనికి నిలవవు. మీ వైద్యుడు "అక్కడే ఆలస్యం" అన్నది దీని గురించే. దీనికి తోడు నరాలు మొద్దుబారి నొప్పి తెలియకపోవడం, కాలికి రక్తప్రసారం తగ్గడం కూడా కలిస్తే, ఏ కారకమూ ఒంటరిగా గెలవలేదు.

అందుకే మేము చేసే పనులు చూడడానికి సాదాగా ఉన్నా వాటికి కారణం ఉంది. చచ్చిన కండను కోసి తీసివేయడమంటే మాక్రోఫేజ్‌ల భారాన్ని మనం పంచుకోవడమే. కోత కోసిన మడిలో మోళ్లు దున్నకుండా నాట్లు వేయలేనట్టే, నల్లబడిన కండ ఉండగా ఏ ఖరీదైన మందు పూసినా ఫలితం ఉండదు. పుండు మీద బరువు పడకుండా ప్రత్యేకమైన పాదరక్ష గానీ పట్టీ గానీ వాడడం అన్నిటికన్నా ముఖ్యం, ఎందుకంటే అడుగు వేసిన ప్రతిసారీ కొత్త రక్తనాళాలు నలిగిపోతాయి. హైడ్రోజన్ పెరాక్సైడ్ పోసి నురగ రావడం చూసి తృప్తిపడేవారు మన ఊళ్లలో చాలామంది ఉన్నారు. అది క్రిములతోపాటు ఫైబ్రోబ్లాస్ట్‌లను కూడా చంపుతుంది కాబట్టి, శుభ్రమైన సెలైన్‌తో కడగడమే మంచిది.

ఇక ఇంజెక్షన్ల సంగతి. తెల్లకణాలను పెంచే ఇంజెక్షన్ అంటే సాధారణంగా ఫిల్‌గ్రాస్టిమ్, అంటే మజ్జలో న్యూట్రోఫిల్‌ల తయారీని పెంచే జీ-సీఎస్ఎఫ్ అనే కారకం. క్యాన్సర్ మందుల వల్ల న్యూట్రోఫిల్‌లు పడిపోయినవారికి అది ప్రాణరక్షకం. రక్తంలో తెల్లకణాల సంఖ్య మామూలుగా ఉన్న షుగర్ రోగికి సంఖ్యను పెంచడం వల్ల, చిక్కుకుపోయిన మాక్రోఫేజ్‌ల స్వభావం మారదు. షుగర్ పుండుకు అది మామూలుగా వాడే చికిత్స కాదు. అలాగే రక్తపరీక్షలో తెల్లకణాలు పెరిగినట్టు వస్తే అది మంచి గుర్తని సంతోషించకూడదు, చాలాసార్లు అది లోపల క్రిములు పెరుగుతున్నాయన్న హెచ్చరిక.

సొంత రక్తంతో చేసే చికిత్స గురించి మీ బంధువు చెప్పినది పూర్తిగా కొట్టిపారేయదగినది కాదు. దీనిలో రెండు రకాలు ఉన్నాయి. ఎక్కువగా వినిపించే పీఆర్‌పీలో, అంటే ప్లేట్‌లెట్లు దట్టంగా ఉన్న ప్లాస్మాలో, ముఖ్యమైనవి ప్లేట్‌లెట్లు, అవి తెల్లకణాలు కావు. రెండో రకంలో రోగి రక్తాన్ని ప్రత్యేకమైన గొట్టంలో గిరగిరా తిప్పి, తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు, రక్తం గడ్డకట్టేటప్పుడు ఏర్పడే ఫైబ్రిన్ పోగులు కలిసిన ఒక బిళ్లను తయారుచేసి పుండు మీద పరుస్తారు. బ్రిటన్, డెన్మార్క్, స్వీడన్‌లలో, మామూలు చికిత్సకు లొంగని షుగర్ పుండ్ల మీద దీన్ని పరీక్షించి 2018లో ఫలితాలు ప్రకటించారు. 20 వారాలలో బిళ్ల వేసినవారిలో నూటికి 34 మందికి పుండు మానింది, మామూలు చికిత్స మాత్రమే పొందినవారిలో నూటికి 22 మందికి మానింది. మేలు ఉన్నది నిజమే, కానీ బిళ్ల వేసినా నూటికి 66 మందికి ఆ గడువులో మానలేదన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. పైగా వారందరికీ బరువు తగ్గించే ఏర్పాటూ, చచ్చిన కండను తీయడమూ సక్రమంగా జరుగుతూనే ఉన్నాయి.

పూత మందుల్లో పీడీజీఎఫ్ జెల్‌కు 1997లో అమెరికాలో అనుమతి వచ్చింది. చర్మపు పైపొర కణాలను పెంచే ఈజీఎఫ్ జెల్‌ను హైదరాబాదులోని భారత్ బయోటెక్ తయారుచేస్తోంది. ఇవి రక్తప్రసారం బాగా ఉండి, శుభ్రంగా ఉన్న పుండుకు, వైద్యుడు చూసి రాస్తేనే వాడవలసినవి. మీరు వైద్యుడిని మొదట అడగవలసినది జెల్ గురించి కాదని నా మనవి. పాదంలో రక్తప్రసారం ఎలా ఉంది, ఎముకకు ఏమైనా సోకిందా, మూడు నెలల సగటు చక్కెర ఎంత ఉంది, బరువు పడకుండా ఏమి వాడాలి అని అడగండి. ఇంకొకటి: కీళ్లనొప్పులకో ఆయాసానికో అమ్మగారు స్టెరాయిడ్ మాత్రలు వాడుతున్నారేమో చూడండి. పైన చెప్పిన ప్రయోగంలో మోనోసైట్లను తగ్గించడానికి వాడిన హైడ్రోకార్టిజోన్ ఆ జాతి మందే. వాడుతున్నట్టయితే మీ అంతట మీరు ఆపవద్దు, హఠాత్తుగా ఆపితే ప్రమాదం, వైద్యుడికి తెలియజేయండి.

ప్రశ్నించినవారి స్పందన: పర్లాకిమిడి

లెక్చరర్ గారికి, సిస్టర్ గారికి నా హృదయపూర్వక కృతజ్ఞతలు. అమ్మ ఆయాసానికి వాడే మాత్రల చీటీని ఈసారి వెంట తీసుకువెళ్తాము. ఇంట్లో అడుగు వేసేటప్పుడు కాలు మోపకుండా ఉండే ఏర్పాటు గురించి కూడా అడుగుతాము.

తరగతిలో ఈ సంగతి కొంత చెప్పగానే ఒక విద్యార్థిని రెండు ప్రశ్నలు వేసింది. తెల్లకణాలు ఇతర కణాలను పెంచుతున్నాయి సరే, మరి తెల్లకణాలను పెంచేదెవరు? ఇంతమంచి పదార్థం ఎక్కువైతే నష్టమేమైనా ఉందా? రెండూ మంచి ప్రశ్నలే కనుక ఇక్కడ ఉంచుతున్నాను. ఈ కణాలలో దేనినైనా బడిలో పిల్లలకు చూపించే మార్గం ఉంటే అది కూడా తెలియజేయగలరు.

సమాధానం: రాయగడ నుంచి, రోగనిరోధక శాస్త్రంలో పరిశోధక విద్యార్థి

మాస్టారూ, ఆ అమ్మాయి మొదటి ప్రశ్నకు సమాధానం వినసొంపైన కథ. తెల్లకణాలను పెంచే కారకాలలో చాలావాటిని తెల్లకణాలే తయారుచేసుకుంటాయి.

1960 వరకు, రక్తంలోని లింఫోసైట్ ఇక విభజన చెందని ముసలి కణమని భావించేవారు. ఎర్రకణాలను గడ్డకట్టించి తెల్లకణాలను వేరుచేయడానికి ప్రయోగశాలల్లో రాజ్మా గింజల నుంచి తీసిన ఫైటోహీమాగ్లుటినిన్ అనే పదార్థాన్ని వాడేవారు. దాన్ని వాడిన పాత్రలలో లింఫోసైట్లు పెద్దవై విభజన చెందుతున్నట్టు 1960లో పీటర్ నోవెల్ గమనించాడు. ఇలా ప్రేరేపించిన లింఫోసైట్లు పెరిగిన ద్రవంలో వేరే లింఫోసైట్లను కూడా పెంచే గుణం ఉందన్న ఆధారాలు ఆ తరువాతి సంవత్సరాల్లో పోగుపడ్డాయి. 1976లో మోర్గన్, రుసెట్టి, గాలో ఆ ద్రవంతో మనిషి ఎముక మజ్జలోని టీ కణాలను దీర్ఘకాలం పెంచగలిగారు. దానిలోని కారకమే ఇంటర్‌ల్యూకిన్-2. దాని జన్యువును 1983లో జపాన్‌లో తనిగూచి బృందం వేరుచేసింది. టీ కణం దీన్ని తానే విడుదల చేసి, తన మీది గ్రాహకంతో తానే అందుకుంటుంది, పక్కనున్న టీ కణాలకూ అందిస్తుంది. అందువల్లే ఒక క్రిమిని గుర్తించిన కొద్ది కణాలు కొన్ని రోజుల్లో పెద్ద దండుగా పెరుగుతాయి. ఈ కారకం చేతికి వచ్చాకనే టీ కణాలను పాత్రలలో నిలబెట్టి, వాటిలో దాగే వైరస్‌లను పట్టుకోవడం సాధ్యమైంది. 1980లో వెల్లడైన, మనిషి టీ కణాలకు సోకే హెచ్‌టీఎల్‌వీ అనే వైరస్ అలా దొరికినదే.

మజ్జ వైపు కథ కూడా ఇటువంటిదే. మనిషి మజ్జ కణాలను మెత్తని అగార్ అనే జెల్లీలో ఉంచి, అడుగున మనిషి రక్తం నుంచి తీసిన తెల్లకణాల పొరను పరిస్తే పైన కణాల గుంపులు మొలుస్తాయని 1970లో పైక్, రాబిన్సన్ చూపించారు. అడుగు పొర నుంచి పైకి వ్యాపించినవే కాలనీలను ప్రేరేపించే కారకాలు, అంటే జీఎం-సీఎస్ఎఫ్, జీ-సీఎస్ఎఫ్ వంటివి. టీ కణాలు, మాక్రోఫేజ్‌లతోపాటు రక్తనాళాల లోపలి పొర కణాలు, ఫైబ్రోబ్లాస్ట్‌లు కూడా వీటిని తయారుచేస్తాయి. మన మజ్జ రోజుకు సుమారు 10,000 కోట్ల న్యూట్రోఫిల్‌లను ఉత్పత్తి చేస్తుంది. క్రిములు సోకినప్పుడు ఈ కారకాలు పెరిగి ఆ ఉత్పత్తిని ఇంకా పెంచుతాయి. సిస్టర్ గారు చెప్పిన ఫిల్‌గ్రాస్టిమ్, 1991లో అనుమతి పొందిన జీ-సీఎస్ఎఫ్ మందే.

రెండో ప్రశ్నకు సమాధానం మన ప్రాంతంలో వెతకనక్కరలేకుండా దొరుకుతుంది. సరిహద్దుకు ఇటూ అటూ, టెక్కలి వైపు గ్రానైట్ క్వారీల్లోనూ రాయి పిండిచేసే క్రషర్ల దగ్గరా మనవాళ్లు ఎందరో పనిచేస్తున్నారు. పగిలిన రాతి నుంచి లేచే సన్నని సిలికా ధూళి ఊపిరితిత్తుల చివరి గదులదాకా పోతుంది. అక్కడి మాక్రోఫేజ్‌లు దాన్ని మింగుతాయి కానీ జీర్ణం చేసుకోలేవు. అవి దెబ్బతిని చనిపోతే ధూళి మళ్లీ బయటపడుతుంది, మరో మాక్రోఫేజ్ దాన్ని మింగుతుంది. ఈ చక్రంలో ప్రతిసారీ మంటను పెంచే పదార్థాలతోపాటు పీడీజీఎఫ్, టీజీఎఫ్-బీటా విడుదలవుతాయి. ఫైబ్రోబ్లాస్ట్‌లు ఆ ఆజ్ఞను పాటించి, గాయం లేని చోట మచ్చ కండను కడుతూనే పోతాయి, ఊపిరితిత్తి గట్టిపడుతుంది. అదే సిలికోసిస్. అరికాలి పుండులో మనం ఎదురుచూసే కారకమే ఊపిరితిత్తిలో మనిషిని చంపుతుంది, తేడా అంతా అది ఎక్కడ, ఎంతకాలం వెలువడుతున్నదన్న దానిలో ఉంది. గట్టిపడిన భాగాన్ని తిరిగి మెత్తబరిచే మందు లేదు. అందువల్ల రాయిని తడిపి కోయడం, ధూళిని పుట్టిన చోటే పీల్చివేసే యంత్రాలు పెట్టడం, సరైన మాస్కు ఇవ్వడం యజమానుల బాధ్యతగా ఉండాలని, మూతికి తువ్వాలు చుట్టుకుంటే చాలదని ఆ పిల్లలకు తప్పక చెప్పండి. వారిలో కొందరి తండ్రులు ఆ పనిలోనే ఉండవచ్చు.

క్యాన్సర్ గడ్డల్లో కూడా ఇటువంటిదే జరుగుతుంది. గడ్డలోకి చేరిన మాక్రోఫేజ్‌లు దాన్ని మానని గాయంగా భావించినట్టు వీఈజీఎఫ్‌ను వదిలి, గడ్డకే రక్తనాళాలను సమకూర్చిపెడతాయి. ఈ కారణంగానే వృద్ధి కారకాలను మందుగా వాడేటప్పుడు వైద్యులు జంకుతారు. పీడీజీఎఫ్ జెల్ మీద 2008లో అమెరికాలో క్యాన్సర్ మరణాల గురించి గట్టి హెచ్చరిక పెట్టారు, తరువాత వచ్చిన సమాచారాన్ని పరిశీలించి 2018లో ఆ పెట్టె హెచ్చరికను తొలగించారు. పుండు ఉన్నచోట క్యాన్సర్ ఉంటే మాత్రం ఆ జెల్ వాడకూడదన్న నియమం అలాగే ఉంది.

చివరిగా, బడిలో చూపించే మార్గం. వృద్ధి కారకాలు సూక్ష్మదర్శినికి కనిపించవు కానీ వాటిని తయారుచేసే కణాలు కనిపిస్తాయి. పిల్లల వేళ్లు గుచ్చవద్దు. దగ్గరలోని రక్తపరీక్ష కేంద్రాన్ని అడిగితే లీష్మన్ రంగు వేసి ఆరబెట్టిన గాజు పలకలు ఇవ్వవచ్చు, వాటిపై పేర్లు లేకుండా చూసుకోండి. తక్కువ శక్తి కటకంతో మొదలుపెట్టి, నూనె చుక్క వేసి 100 రెట్ల కటకానికి వెళ్లండి. మూడు నాలుగు తమ్మెలుగా ఉన్న కేంద్రకం న్యూట్రోఫిల్‌ది, అవే ఎక్కువగా, నూటికి 40 నుంచి 70 దాకా ఉంటాయి. కణమంతా నిండిన గుండ్రని కేంద్రకం లింఫోసైట్‌ది. అన్నిటికన్నా పెద్దదిగా, కేంద్రకం చిక్కుడుగింజలా వంగి కనిపించేది మోనోసైట్. అవి నూటికి 2 నుంచి 8 మాత్రమే ఉంటాయి కాబట్టి పలక అంచుల వైపు ఓపికగా వెతకవలసి వస్తుంది. దొరికాక ఆ విద్యార్థినికి చూపించి, గాయంలోకి వెళ్లి మాక్రోఫేజ్‌గా మారేది ఇదేనని చెప్పండి.